మాంటిస్సోరి బోర్డూ, మా అమ్మ అంగన్వాడీ

పోయిన నెల్లో ఒక శనివారం పొద్దున్నే నేనూ, మా ఆవిడా పాపని చంకనేసుకుని స్కూళ్ళ వేటకి బయల్దేరాం. పాపకి మూడేళ్ళు నిండాయి. హైదరాబాదులో మూడేళ్ళు నిండటం అంటే ఏంటో మీలో పిల్లలున్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మా ఇంటినుంచి ఆఫీసుకెళ్ళే దారిలో, నేను లెక్కపెట్టినంతవరకు, ఏడు 'మాంటిస్సోరి' బోర్డులున్నాయి. స్పెల్లింగులు మాత్రం నాలుగు రకాలు :)

మొదట వెళ్ళిన స్కూలు (పేరెందుకు లెండి) చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. బుజ్జి కుర్చీలు, గోడల నిండా బొమ్మలు, ఏసీ. ఫీజు కాయితం చూస్తే నా బీటెక్ నాలుగేళ్ళ ఫీజు గుర్తొచ్చింది. బ్రోషరులో గూగుల్ వాళ్ళిద్దరి ఫోటో వేశారు. లారీ పేజ్, సెర్గీ బ్రిన్ చిన్నప్పుడు మాంటిస్సోరి బళ్ళకి వెళ్ళినమాట నిజమే, 2004లో ఒక టీవీ ఇంటర్వ్యూలో వాళ్ళే చెప్పారు. అక్కడివరకూ బానే ఉంది. కానీ క్లాసులోకి తొంగి చూస్తే మూడేళ్ళ పిల్లలు వరసలుగా కూర్చుని నాలుగు గీతల పుస్తకంలో ఇంగ్లీషు 'ఎ' దిద్దుతున్నారు. ఒకడు కిటికీలోంచి బయట కాకిని చూస్తుంటే టీచరు వచ్చి వాడి తల పుస్తకం వైపు తిప్పి వెళ్ళింది. "మరి ఇందులో మాంటిస్సోరి ఏదండీ?" అని అడిగాను. ఆవిడ నవ్వి, "మెటీరియల్ అంతా ఉంది సార్" అని ఒక అద్దాల బీరువా చూపించింది. లోపల చెక్క దిమ్మలు, పూసలు, రంగు పలకలు అందంగా సర్దున్నాయి. బీరువాకి తాళం వేసుంది.

ఆ తాళం నా బుర్రలో ఉండిపోయింది. ఎందుకో కింద చెప్తాను.

నేను చరిత్రకారుణ్ణి కాదు, జావా రాసుకుని బతికేవాణ్ణి. కానీ ప్రొడక్షన్లో ఏదన్నా పేలితే లాగులన్నీ తిరగేసి మూలం దొరికేదాకా నిద్రపట్టని రోగం ఒకటుంది. ఆ రోగంతోనే ఓ మూడు వారాలు రాత్రిళ్ళు కూర్చుని చదివాను. ఎక్కడో రోమ్ నగరంలో మొదలైన కథ చివరికి పల్నాడులో మా ఊరి పంచాయతీ ఆఫీసు పక్కనున్న ఒంటిగది దగ్గర తేలింది.

మరియా మాంటిస్సోరి అసలు టీచరు కాదు, డాక్టరు. 1870 ఆగస్టు 31న ఇటలీలో కియారవల్లె అనే ఊళ్ళో పుట్టింది. 1896లో రోమ్‌లో వైద్యం పట్టా తీసుకుంది. ఆ దేశంలో డాక్టర్లయిన తొలితరం ఆడవాళ్ళలో ఒకావిడ (మొట్టమొదటి ఆవిడ అని చాలాచోట్ల రాసేస్తారు, అది తప్పు). మొదట్లో ఆవిడ పనిచేసింది మందబుద్ధులని ముద్రవేసి పిచ్చాసుపత్రుల్లో పడేసిన పిల్లలతో. వాళ్ళకోసం ఇటార్, సెగాన్ అనే ఇద్దరు ఫ్రెంచి డాక్టర్లు ఏనాడో రాసి, లోకం మర్చిపోయిన పుస్తకాలు వెతికి పట్టుకుంది. సెగాన్ పుస్తకాన్నయితే తన చేత్తో ఇటాలియన్లోకి రాసుకుంది, ఒక్కో మాటా ఆగి ఆలోచించుకోవడం కోసం. డాక్యుమెంటేషన్ చదవకుండా స్టాక్ ఓవర్‌ఫ్లో నుంచి కాపీ కొట్టే నాలాంటివాడికి ఇది చదివి కొంచెం సిగ్గేసింది.

ఇక అసలు సంగతి. రోమ్‌లో శాన్ లొరెంజో అని ఒక పేదల పేట. ఒక ఇళ్ళ కంపెనీ అక్కడి పాడుబడ్డ భవనాలని కొని, బాగుచేసి, కూలీనాలీ చేసుకునేవాళ్ళకి అద్దెకిచ్చింది. పొద్దున్నే అమ్మానాన్నలు పనికెళ్ళిపోతారు, పెద్దపిల్లలు బడికెళ్ళిపోతారు, మూడు నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలు మెట్లమీద పడి ఆడుకుంటూ కొత్త సున్నం గోడలు పాడుచేస్తున్నారు. కంపెనీవాళ్ళు లెక్కేసుకున్నారు. గోడలకి మళ్ళీ మళ్ళీ సున్నం కొట్టించడం కంటే ఈ పిల్లల్ని ఒక గదిలో ఉంచి ఎవరికో అప్పజెప్పడం చవక. అదీ కథ! ప్రపంచమంతా పాకిన ఒక విద్యావిధానం మెయింటెనెన్సు బడ్జెట్ తగ్గించుకోవడం కోసం పుట్టింది. మన ఆఫీసుల్లో కాస్ట్ కటింగ్ వల్ల ఇంత మంచి పని ఒక్కటి జరగడం నేనైతే చూళ్ళేదు.

1907 జనవరి 6న ఆ గది తెరిచారు. పేరు కాసా దెయ్ బంబీని, అంటే పిల్లల ఇల్లు. యాభైమందికి పైగా పిల్లలు, చూసుకోవడానికి టీచరు ట్రైనింగ్ ఏమీ లేని ఒక మామూలు అమ్మాయి. మాంటిస్సోరి అప్పుడప్పుడూ వచ్చి గమనించేది. ముందే ఒక సిద్ధాంతం పెట్టుకుని పిల్లలమీద రుద్దలేదు, పిల్లలు ఏంచేస్తున్నారో చూసి అప్పుడు మార్చుకుంటూ పోయింది. నాకు ఈ కథలో బాగా నచ్చింది ఇదే.

ఉదాహరణకి ఒకరోజు ఆ అమ్మాయి పనికి ఆలస్యంగా వచ్చింది. ముందురోజు సామాను బీరువాకి తాళం వెయ్యడం మర్చిపోయిందట. వచ్చేసరికి పిల్లలే తలుపు తీసి, ఎవరికి కావాల్సింది వాళ్ళు తీసుకుని, కూర్చుని పని చేసుకుంటున్నారు. ఆ అమ్మాయి దాన్ని దొంగతనం అనుకుంది, శిక్షించాలంది. మాంటిస్సోరికి మాత్రం అందులో ఇంకోటి కనపడింది. ఏ సామాను ఎక్కడుంటుందో పిల్లలకి తెలుసు, తమకేం కావాలో కూడా తెలుసు. అప్పణ్ణించి తాళం బీరువా పోయి, పిల్లల చేతికందే ఎత్తులో తలుపుల్లేని అరలు వచ్చాయి. ఈ పద్ధతిలో 'పిల్లవాడే ఎంచుకోవడం' అనే ముక్క అలా ఒక మతిమరుపులోంచి వచ్చింది. ఇప్పుడర్థమైందా నాకు ఆ అద్దాల బీరువా ఎందుకు గుచ్చుకుందో?

ఇంకోరోజు మూడేళ్ళ పిల్ల ఒకత్తి చెక్కదిమ్మలో ఉన్న కన్నాల్లో వాటి సైజు గూటాలు పెడుతూ, తీస్తూ, మళ్ళీ పెడుతూ కూర్చుంది. మాంటిస్సోరి పక్కన పిల్లలచేత పాటలు పాడించింది. ఆ పిల్ల తలెత్తలేదు. కుర్చీతో సహా ఎత్తి బల్లమీద పెట్టింది. ఆ పిల్ల దిమ్మని ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ మొదలెట్టింది. నలభైకి పైగా సార్లు చేసి, తనంతట తనే ఆపి, హాయిగా నిద్రలేచినట్టు చుట్టూ చూసి నవ్వింది. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ ఆపమనలేదు, చాక్లెట్టు ఇవ్వలేదు.

ఆ చెక్కదిమ్మ గురించి మన భాషలో ఒక ముక్క చెప్పాలి. పది కన్నాలు, పది గూటాలు. సన్నగూటాన్ని పెద్దకన్నంలో పెట్టేస్తే చివర్లో ఒక గూటం మిగిలిపోతుంది, ఉన్న కన్నంలో పట్టదు. అంటే తప్పు జరిగిందని చెప్పడానికి టీచరు అక్కర్లేదు, ఆ వస్తువే చెప్తుంది. కంపైలర్ అన్నమాట. కంపైలర్ తిట్టదు, పక్కవాడితో పోల్చదు, అప్రైజల్లో గుర్తుపెట్టుకోదు. ఫలానా చోట పట్టలేదు అంటుంది, అంతే. మనం మళ్ళీ చేస్తాం. మనలో చాలామందికి కోడింగు నిజంగా వచ్చింది క్లాసులో కాదు, అర్ధరాత్రి ఒంటరిగా కంపైలర్‌తో కుస్తీపట్టినప్పుడే కదా. మూడేళ్ళ పిల్లకి ఆ కుస్తీ దొరికేట్టు చెయ్యడమే ఆవిడ చేసిన పని.

1909లో పుస్తకం రాసింది, 1912లో ఇంగ్లీషులోకి వచ్చింది. 1913లో అమెరికా వెళ్తే న్యూయార్కులో కార్నెగీ హాలు నిండిపోయింది. మరుసటేడు కిల్‌పాట్రిక్ అనే కొలంబియా ప్రొఫెసరు, ఇందులో కొత్తేమీ లేదు, ఊహకి చోటు లేదు అంటూ ఒక పుస్తకం రాశాడు, కొన్నేళ్ళలో అక్కడ మోజు చల్లారిపోయింది. మళ్ళీ 1960 దాటాకే లేచింది. అలా లేచాక పేరు ఎవరిది అనే పేచీ వచ్చింది. 1967లో అమెరికా పేటెంటు ఆఫీసు తేల్చిందేమంటే, 'మాంటిస్సోరి' అనేది ఎవరి సొంత ట్రేడ్‌మార్కూ కాదు, మామూలు మాట అని. మన దగ్గర కూడా ఆ మాట బోర్డుమీద రాసుకోవడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. నా దారిలో ఏడు బోర్డుల రహస్యం ఇదన్నమాట. (అన్నీ ఒకే గాటన కట్టకండి. విజయవాడలో కోటేశ్వరమ్మగారు ఈ పేరుతోనే దశాబ్దాలపాటు విద్యాసంస్థలు నడిపారు, 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది.)

ఆవిడని దేవతని చెయ్యడం నాకిష్టం లేదు. 1924 నుంచి ముసోలినీ అండతోనే ఇటలీలో ఈ బళ్ళు పెరిగాయి. పిల్లవాడికి స్వేచ్ఛ అనే మనిషి నియంత పక్కన అన్నేళ్ళు ఎలా సర్దుకుందో నాకు మింగుడుపడలేదు. చివరికి 1934కల్లా తేడాలొచ్చి ఆ బళ్ళు మూతపడ్డాయి, ఆవిడ దేశం వదిలింది. స్పెయిన్లో ఉంటే 1936లో అంతర్యుద్ధం, అక్కణ్ణించి నెదర్లాండ్స్.

అక్కణ్ణించి... మద్రాసు!

1939 నవంబరు. ఆవిడకి 69 ఏళ్ళు. అడయారు దివ్యజ్ఞాన సమాజం వాళ్ళు, జార్జి అరండేల్, రుక్మిణీదేవి దంపతులు, పిలిస్తే వచ్చింది. (కళాక్షేత్ర పెట్టిన రుక్మిణీదేవే.) అప్పటికి మన ఆంధ్ర ప్రాంతం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. తాటాకు పాకలు వేసి మొదటి శిక్షణ తరగతి పెడితే సుమారు మూడొందలమంది వచ్చారు. ఆవిడ ఇటాలియన్లో మాట్లాడితే పక్కన కూర్చుని మారియో ఇంగ్లీషులోకి చెప్పేవాడు.

మారియో ఎవరంటే ఆవిడ కొడుకు. 1898లో పెళ్ళికాకుండా పుట్టాడు. ఆ రోజుల్లో అది బయటికొస్తే ఆవిడ చదువూ, ఉద్యోగం అన్నీ పోయేవి. పల్లెలో పెంపకానికి ఇచ్చేసి దూరంగా చూసొచ్చేది. పదిహేనేళ్ళవాడయ్యాక తనదగ్గరికి తెచ్చుకుంది కానీ లోకానికి మాత్రం పెంపుడుకొడుకనో, మేనల్లుడనో చెప్పుకునేది. లోకంలో పిల్లలందరి గురించీ రాసిన మనిషి తన బిడ్డ బాల్యాన్ని చూడలేదు. నేను ఇక్కడ తీర్పు చెప్పను, నాకా హక్కు లేదు.

1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగింది. దాంతో బ్రిటిష్ ఇండియాలో ఉన్న ఇటాలియన్లంతా శత్రుదేశస్థులైపోయారు. మారియోని నిర్బంధ శిబిరానికి పంపారు, ఆవిణ్ణి అడయారు దాటొద్దన్నారు. రెండు నెలల తర్వాత ఆవిడ 70వ పుట్టినరోజునాడు వైస్రాయి నుంచి తంతి వచ్చింది, పుట్టినరోజు కానుకగా మీ కొడుకుని మీకు తిరిగి పంపిస్తున్నాం అని. కొడుకు అని! నలభైరెండేళ్ళు ఆవిడ బయటికి అనలేకపోయిన మాటని ఒక ప్రభుత్వ తంతి అనేసింది. ఇది చదివినరోజు ఆఫీసు క్యాబులో ఉన్నాను, కిటికీ వైపు తిరిగి కూర్చోవాల్సొచ్చింది.

తర్వాత యుద్ధం ముగిసేదాకా ఇక్కడే ఉంది, రెండేళ్ళు కొడైకెనాల్లో. 1946లో వెళ్ళి, 1947లో మళ్ళీ వచ్చి, 1949 దాకా తిరిగింది. మొత్తంమీద వెయ్యిమందికి పైగా టీచర్లకి శిక్షణనిచ్చింది. పసివాడి మనసు చుట్టూ ఉన్నదాన్ని స్పాంజిలా పీల్చుకుంటుందని చెప్పే ఆవిడ ప్రసిద్ధ పుస్తకం 1949లో మొదట అచ్చయింది అడయారులోనే. 1952 మే 6న నెదర్లాండ్స్‌లో పోయింది.

కానీ ఆవిడ రాకముందే ఈ ఆలోచన మన దేశంలో ఒకాయన చేతిలో పూర్తిగా మనదైపోయింది. గిజుభాయి బధేకా. సౌరాష్ట్రలో వకీలు. 1913లో కొడుకు పుట్టాడు, వీణ్ణి ఏ బడికి పంపాలి అనే దిగులు పట్టుకుంది (అదే నా దిగులు, నూట పదేళ్ళ ముందు!). తను చదివిన బెత్తం బడికి పంపడం ఇష్టంలేదు. ఎవరో మాంటిస్సోరి పుస్తకం ఇచ్చారు. చదివి, వకీలు పని వదిలేసి, భావనగర్‌లో దక్షిణామూర్తి సంస్థలో చేరి 1920లో బాలమందిరం తెరిచాడు. పిల్లలూ, పెద్దలూ ఆయన్ని మీసాల అమ్మ అని పిలుచుకున్నారు. మాంటిస్సోరికి చిన్నపిల్లలకి కట్టుకథలు చెప్పడం అంతగా నచ్చేది కాదు. గిజుభాయి ఆ ముక్క పక్కనపెట్టేసి కథలు, పాటలు, నాటకాలు కుమ్మరించాడు. లైబ్రరీని వాడుకున్నాడు గానీ దానికి బానిస కాలేదన్నమాట. ఆయన 'దివాస్వప్న' తెలుగులో 'పగటి కల' పేరుతో దొరుకుతుంది, ఒక్క ఆదివారంలో అయిపోతుంది. 1939 జూన్‌లో ఆయన చనిపోయాడు. ఆవిడ మద్రాసులో దిగింది నవంబర్లో. ఐదు నెలల తేడా!

గిజుభాయి దగ్గర పనిచేసినావిడ తారాబాయి మోదక్. ఇద్దరూ కలిసి 1926లో నూతన బాల శిక్షణ సంఘం పెట్టారు. తర్వాత ఈవిడ బొంబాయిలో బడి నడిపింది, బాగా నడిచింది. అయినా ఆవిడకి ఒకటే సందేహం. ఆ పాలిష్ పెట్టిన చెక్కసామాను కొనగలిగేవాళ్ళ పిల్లలకేనా ఇదంతా? మొదటి బడి పెట్టింది రోమ్‌లో కూలీల పేటలో కదా! 1945లో బొంబాయి వదిలేసి ఠాణే జిల్లా సముద్రపొడ్డున బోర్డీ అనే పల్లెకి వెళ్ళింది. తోడు అనూతాయి వాఘ్. ఈవిడ పదమూడేళ్ళకి పెళ్ళయి, ఆరునెలలు తిరక్కుండానే భర్తపోయిన మనిషి, చదువుకుని టీచరైంది.

బడి తెరిచారు. దళితవాడ పిల్లలు రాలేదు. పిలిచినా రాలేదు. అప్పుడు వీళ్ళు చేసిందేమిటంటే, సామాను బుట్టలో వేసుకుని ఆ వాడకే వెళ్ళి, వాళ్ళ ఇళ్ళముందు వాకిట్లోనే కూర్చోవడం. మొదట పిల్లల ఒళ్ళు కడగడం, తల దువ్వడం, తర్వాత ఆట. ఇటలీ పూసల బదులు గవ్వలు, గులకరాళ్ళు, గింజలు, ఆకులు. బరువు తెలియడానికీ, లెక్కపెట్టడానికీ, చిన్నాపెద్దా వరస పెట్టడానికీ అవి చాలు. పిల్లల తోట అనే 'బాల్‌వాడీ' వాకిట్లోకి, అంటే 'అంగన్'లోకి వచ్చింది కాబట్టి దానికి పేరు... అంగన్వాడీ.

నేను ఇక్కడ చదవడం ఆపేశాను.

వాళ్ళు 1957లో కోస్‌బాడ్ కొండకి, వార్లీ ఆదివాసుల మధ్యకి వెళ్ళారు, పశువులు కాచే పిల్లలకోసం మేత బీళ్ళలోనే బడి పెట్టారు. 1975 అక్టోబరు 2న కేంద్రప్రభుత్వం 33 బ్లాకుల్లో ఐసీడీఎస్ మొదలుపెట్టినప్పుడు దాని కేంద్రాలకి ఇదే పేరు స్థిరపడింది. ఇప్పుడు దేశంలో దాదాపు 14 లక్షలున్నాయి. అందులో ఒకటి మా అమ్మది.

మా అమ్మ అంగన్వాడీ టీచరు. టెన్త్ పాసైంది. నేను నడక నేర్చింది, నిద్రపోయింది, అన్నం తిన్నది ఆ ఒంటిగదిలోనే. ఇంజనీరింగ్ కాలేజీలో ఎవరన్నా అడిగితే 'మా అమ్మ టీచర్' అని చెప్పేవాణ్ణి, ముందున్న మాట మింగేసేవాణ్ణి. ఉద్యోగమొచ్చిన మొదటి నెలే "ఇక మానెయ్యమ్మా, నలుగురి పిల్లల ముక్కులు తుడవడం ఎందుకు" అన్నాను. 2023 డిసెంబర్లో ఆంధ్రలో అంగన్వాడీల సమ్మె మొదలై 42 రోజులు నడిస్తే అమ్మ రోజూ వెళ్ళి టెంటులో కూర్చుంది, నేను ఫోన్లో విసుక్కున్నాను. నా ఒక్కరోజు జీతం అంత లేదు కదమ్మా నువ్వడిగే పెంపు, అన్నాను. అమ్మ ఏమీ అనకుండా ఫోన్ పెట్టేసింది. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నాకు ముఖం చెల్లదు. (అన్నట్టు, శాన్ లొరెంజోలో మాంటిస్సోరి మొదట నేర్పిన పాఠాల్లో ఒకటి ముక్కు చీదుకోవడం ఎలా అని. అదయ్యాక పిల్లలు చప్పట్లు కొట్టారట. రోజూ తిట్లేగానీ ఎవరూ వాళ్ళకి మర్యాదగా నేర్పలేదు మరి.)

ఆ రాత్రే ఫోన్ చేశాను. "ఏరా, తిన్నావా? పాప పడుకుందా?" అంది. తిన్నానని చెప్పి, రోమ్ నుంచి బోర్డీ దాకా కథంతా చెప్పాను. మధ్యలో ఊఁ కొడుతూ వింది.

"చింతగింజలు మేం పెట్టలా? సీసామూతలూ, పుల్లలూ? నువ్వు ఇసకలో 'అ' దిద్దింది నా దగ్గరే గదరా" అంది. "మాకు ట్రైనింగులో కూడా చెప్పార్లే, పిల్లల్ని వాళ్ళ ఆటకి వాళ్ళని వదలమని. చెప్పి, పొయ్యేటప్పుడు బోలెడు రిజిష్టర్లు చేతికిచ్చారు. బరువులు రాయాలి, గుడ్లు రాయాలి, పాలు రాయాలి, ఫోన్లో ఫోటోలు ఎక్కించాలి. ఇంక పిల్లల్ని చూసేదెప్పుడు?"

నిజమే. అమ్మ కేంద్రాన్ని నేను ఇప్పుడు స్వర్గం చెయ్యబోవట్లేదు. ఒకే గది, పదిహేనుమంది పిల్లలు, వాన పడితే ఒక మూల కారుతుంది. చాలారోజులు ఆట కంటే వంట పనే ఎక్కువ. నేను మళ్ళీ తాళం మర్చిపోయిన అమ్మాయి కథ చెప్పి, "మరి నీ బీరువాకి తాళం వేస్తావా?" అని అడిగాను.

"వెయ్యకపోతే గుడ్లుంటాయంట్రా? సూపర్వైజరమ్మకి నువ్వు చెప్తావా లెక్క?" అంది. కాసేపాగి, "బొమ్మల బీరువాకి లేదులే తాళం. దాని తలుపూడి ఆరేళ్ళయింది. వాళ్ళే తీసుకుంటారు, వాళ్ళే పెడతారు" అంది.

ఫోన్ పెట్టేసే ముందు, పాపని ఒక్క నెల తన దగ్గర వదలమంది. మా ఆవిడకి చెప్పాను. ఇంకా ఏమీ అనలేదు, చింతగింజలు పాప ముక్కులో పెట్టుకుంటే ఎలా అని మాత్రం అడిగింది. ఆ ఏసీ స్కూల్లో ఫీజు కట్టడానికి ఆఖరు తేదీ వచ్చే శుక్రవారం.